కంచె లేని జింకలు

ఇచ్ఛాపురము దాటి, బరంపురము మీదుగా ఆస్కా ప్రాంతమున కేగినచో భేత్నయి, బలిపదర్ గ్రామముల పొలములలో కృష్ణజింకలు స్వేచ్ఛగా సంచరించుట చూడవచ్చును. ఉదయమున బయలుదేరినవారు సాయంకాలమునకు తిరిగి రాగలరు. 1936 వరకు ఈ గంజాం సీమ మనతోపాటు మద్రాసు రాజధానిలోనిదే, నేడది ఒడిశాలోనిది.

మెలిదిరిగిన కొమ్ములుగల నల్లని మగజింకయు, లేత గోధుమవన్నె ఆడుజింకలును ఊరిచెంతనే మేయుచుండును. అవి మేయునది రైతు పైరే. అయినను రైతు కఱ్ఱ యెత్తడు. జింక యడుగిడిన పొలమునకు శుభమని అచ్చటివారి నమ్మిక.

కృష్ణజింక మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రజంతువు. బిరుదు మన మిచ్చితిమి. మేత ఆ రైతు ఇచ్చుచున్నాడు. చూడబోవు మనము గట్టుమీదనే నిలిచి, అతని పైరు త్రొక్కక, జింకలను బెదరింపక మరలుట కనీస ధర్మము.