లోపమును నేలపైననే వెదకుడు



మరమగ్గముల ధ్వని నిత్యమును వినవచ్చు ఈ ఖటోదరాలో, తెలంగాణమునుండి వలసవచ్చి సూరతు వస్త్రపరిశ్రమకు తమ నేర్పును ధారవోసిన నేతకుటుంబముల బిడ్డలు పెక్కురు పట్టములు గైకొనుచున్న ఈ శుభవేళ, చేసిన పనియందలి లోపమును ఎచ్చట వెదకవలెనను విషయమును, గ్రహాన్వేషణము నిదర్శనముగా, మీకు విన్నవింపగోరుచున్నాను.

చంద్రునిపై నడచు యంత్రమగు రోవరు చక్రము ధూళిలో దిగబడినచో దానిని లేవనెత్తుటకు అచ్చట మనుష్యుడు లేడు. కావుననే మన శాస్త్రజ్ఞులు తమిళనాట సేలము ప్రాంతపు సీతంపూండి, కున్నమలై గ్రామముల అనార్థొసైటు శిలలను చంద్రధూళికి దీటుగా పొడిచేయించి, చంద్రుని ఆకర్షణ భూమ్యాకర్షణలో ఆరవవంతే యగుటచే రోవరు బరువును హీలియము బుడగతో తగ్గించి, ఆ మన్నుపై నడిపించి చూచిరి. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగిన పిదప, దాని 26 కిలోల రోవరు ప్రజ్ఞాన్ తన యెదుట 4 మీటర్ల గుంత కానరాగా, భూమినుండి అందిన యాజ్ఞ మేరకు మరలి, క్షేమముగా వేరుత్రోవ పట్టినది.

ఇక అంతరిక్షకవచము: అది పోతపోసినది కాదు, కుట్టినది. అపోలో యాత్రికుల దుస్తులను అమెరికాలోని డోవరు పట్టణమున కుట్టుపని స్త్రీలు 21 పొరలుగా, అంగుళములో 32వ వంతుకు మించి తేడా రానీయక కుట్టిరి. 1967లో అరిజోనాయందు చంద్రతలమును పోలునట్లు ప్రేలుడు పదార్థములతో కల్పించిన గుంతల నడుమ కవచములను, పనిముట్లను పరీక్షించిరి. అయినను 1972లో అపోలో-17 యాత్రికుల చేతితొడుగులను చంద్రధూళి అరగదీసినది. పరీక్షకు ముగింపు లేదనుటకు ఇంతకు మించిన సాక్ష్యమేల?

మన దేశమునను నేలపైననే పరీక్షించు ఈ సాధన ఆరంభమైనది. 2025 ఆగస్టులో లడాఖు త్సో కార్ లోయలో, సుమారు 4,500 మీటర్ల ఎత్తున, ఇద్దరు సాధకులు గ్రహావాసమును పోలిన గృహమున పది దినములు ఏకాంతముగా వసించిరి. అట్టి సాధనకు తగిన నేల మీ చెంతనే యున్నది: మీ గుజరాతులోని కచ్ఛ్‌లో, మాతానోమఢ్ వద్ద, అంగారకునిపై కనుగొనబడిన జారోసైటు ఖనిజమే లభించుచున్నది.

వస్త్రవిద్య నభ్యసించిన మీరు ఈ యత్నమున కేవల ప్రేక్షకులై నిలువరాదు. రేపు భారతీయ వ్యోమగామి ధరించు కవచమున మీరు పరీక్షించిన దారముండవలెను. మీ పనిని మీరే మొదట శంకింపుడు. కనుగొన్న లోపమును దాచక వెల్లడింపుడు. దిద్దుటకు వీలున్నచోటనే దిద్దుడు. మీకు జయమగుగాక!