ఎవరు గొప్ప ఆటగాడు?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కమిటీ నాకు అప్పజెప్పిన పని వినడానికి చిన్నదే. ఈ 50 ఏళ్లలో మన బడి తరఫున ఆడినవాళ్లలో ఉత్తమ క్రికెటర్ పేరు షీల్డు మీద చెక్కించాలి. చివరికి ఇద్దరు మిగిలారు. ఒకాయన పదో తరగతిలో ఉండగా ఒకే ఒక్క ఏడు జోనల్ పోటీల్లో ఆడాడు. ఆ ఆట చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంకొకాయన ఆరో తరగతి నుంచే బడి టీంలో ఉన్నాడు, తర్వాత ఇరవై ఏళ్లు ఊరి టీంకు బౌలింగ్ వేశాడు. చేవెళ్ల వాళ్లది ఒక పక్షం, మొయినాబాద్ వాళ్లది ఇంకో పక్షం. ఈ గొడవలో పడి నెల రోజులుగా మన వాట్సాప్ గ్రూపులో టమాట రేటు ముచ్చట కూడా బందైంది. పేర్లు చెప్పను, ఇద్దరూ సభలోనే ఉన్నారు.

ప్రపంచంలో ఈ తగువు బ్రాడ్‌మన్, సచిన్‌ల పేర్ల మీద నడుస్తుంది. ఒకరిది 52 టెస్టుల్లో 99.94 సగటు. మరొకరిది 200 టెస్టులు, 15,921 పరుగులు. బ్రాడ్‌మన్ ఆడిన 52లో 37 ఇంగ్లండ్ మీదే కదా అని ఒకరంటారు, ఆ రోజుల్లో హెల్మెట్ ఉందా అని ఇంకొకరంటారు. అది తేలేది కాదు. మనకు హైదరాబాద్ దగ్గర, అక్కడి ఆటగాళ్లనే చూద్దాం.

అజారుద్దీన్ 1984-85లో ఇంగ్లండ్ మీద మొదటి మూడు టెస్టుల్లోనూ మూడు శతకాలు కొట్టాడు. మొత్తం 99 టెస్టులు, 22 శతకాలు, సగటు 45.03. చివరి టెస్టులో కూడా 102. తర్వాత వచ్చిన నిషేధం, అది చెల్లదని 2012లో హైకోర్టు ఇచ్చిన తీర్పు మీకు తెలుసు. ఆ లెక్క వేరే, ఇక్కడ ఆట వరకే మాట్లాడుకుందాం. లక్ష్మణ్‌వి 134 టెస్టులు, 17 శతకాలు, సగటు 45.97. కాగితం మీద చూస్తే 35 టెస్టులు తక్కువ ఆడి ఐదు శతకాలు ఎక్కువ కొట్టిన అజారే ముందుంటాడు. కానీ లక్ష్మణ్ పేరెత్తగానే ఎవరికైనా 2001 కోల్‌కతా గుర్తొస్తుంది. ఆస్ట్రేలియా అప్పటికి వరసగా 16 టెస్టులు గెలిచి ఉంది. మనం 274 పరుగులు వెనకబడి ఫాలో ఆన్ ఆడుతున్నాం. లక్ష్మణ్ 281, ద్రవిడ్ 180. నాలుగో రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క వికెట్ పడలేదు. మ్యాచ్ 171 పరుగులతో గెలిచాం.

అదొక్కటే అయితే అదృష్టం అని కొట్టిపారేయొచ్చు. నేను చూసేది వేరే. సిడ్నీలో 2000లో 167, 2004లో 178, 2008లో 109. 2010 మొహాలీలో నడుం పట్టేసినా 73 నాటౌట్‌గా నిలిచి ఒక్క వికెట్ తేడాతో గెలిపించాడు. ఎదురుగా ఎప్పుడూ ఆస్ట్రేలియాయే. అంటే శిఖరం ఒక్కసారి ఎక్కి దిగిపోవడం కాదు, పదేళ్ల పాటు అందరికన్నా గట్టి జట్టు ఎదురైన ప్రతిసారీ మళ్లీ ఎక్కడం. ఇక్కడ శిఖరాన్నీ, నిలకడనూ విడదీసి తూచలేం. అజార్ మణికట్టు మీద నాకు ఎంత ప్రేమ ఉన్నా, ఈ తూకంలో నా ఓటు లక్ష్మణ్‌కే.

ఇంకో సంగతి ఉంది. ఎంతకాలం ఆడాడన్నది ఆటగాడి చేతిలోనే ఉంటుందా?

సి.కె. నాయుడు గారు నాగపూర్‌లో పుట్టిన తెలుగాయన. 1926లో బొంబాయిలో ఎం.సి.సి. మీద 11 సిక్సర్లతో 153 పరుగులు చేశారు, రెండు గంటలు కూడా పట్టలేదు. భారత్ మొదటి టెస్టు ఆడింది 1932లో. కెప్టెన్ ఆయనే. అప్పటికి వయసు 36. మొత్తం ఆడినవి 7 టెస్టులు, సగటు 25, శతకం లేదు. 1936 తర్వాత పదేళ్లు మన జట్టు అసలు టెస్టే ఆడలేదు. టెస్టు లెక్కల పుస్తకం మాత్రమే చూసేవాడికి ఆయన మామూలు ఆటగాడు. అదే మనిషి ఫస్ట్ క్లాస్ క్రికెట్ 1916లో మొదలుపెట్టి 1963-64 దాకా ఆడారు. అరవై దాటాక కూడా ఉత్తరప్రదేశ్ తరఫున రంజీ బరిలో దిగారు. ఇంతకన్నా పొడవైన ఆట జీవితం ఎవరిదుంది? బోర్డు జీవన సాఫల్య పురస్కారానికి ఆయన పేరు పెట్టింది ఏడు టెస్టుల కోసం కాదు.

మిథాలీ రాజ్ సంగతి ఇంకా స్పష్టం. మన సికింద్రాబాద్‌లో పెరిగిన పిల్ల. 1999లో మొదటి వన్డేలోనే 114 నాటౌట్. 2002లో టాంటన్‌లో ఇంగ్లండ్ మీద 214, అప్పటికి మహిళల టెస్టుల్లో అదే ప్రపంచ రికార్డు. 2022లో రిటైరయ్యే నాటికి 232 వన్డేలు, 7,805 పరుగులు. మరి 23 ఏళ్లలో ఆమె ఆడిన టెస్టులెన్ని? పన్నెండు. 2006 నుంచి 2014 దాకా మన మహిళల జట్టుకు ఒక్క టెస్టు కూడా పెట్టలేదు. ఆడనివ్వని మ్యాచ్‌లను ఆమె ఖాతాలో సున్నాలుగా రాయడం న్యాయమా?

కాబట్టి నా తూకం ఇది. ఎన్నేళ్లు ఆడారని అడిగే ముందు, ఎన్ని మ్యాచ్‌లు దొరికాయో అడగాలి. ఎంత కొట్టారని అడిగే ముందు, ఎవరి మీద కొట్టారో అడగాలి.

ఇప్పుడు మన ఇద్దరి దగ్గరికి వద్దాం. మొదటాయనకు పదో తరగతి తర్వాత ఆడే టీం లేదు. ఇంట్లో రెండెకరాల కూరగాయల తోట, తెల్లవారుజామున గంపలెత్తుకుని మార్కెట్‌కు పోవాలి. ఆ ఏడు దొరికిన నాలుగు మ్యాచ్‌లూ నగరం జట్ల మీదే, నాలుగింటిలోనూ ఆడాడు. రెండో ఆయనకు ఇరవై ఏళ్లు ఆట దొరికింది, బంతి ఎప్పుడూ బాగానే పడింది, కానీ ఎదుటి జట్లు ఎక్కువగా చుట్టుపక్కల ఊళ్లవే. షీల్డు మీద మొదటాయన పేరు చెక్కించమని నా సలహా. రెండో ఆయన నా మీద అలగొద్దు. మన పిల్లలకు బంతి పట్టుకోవడం నేర్పింది ఆయనే, వచ్చే ఏడు నుంచి పెట్టే బడి టోర్నమెంటుకు ఆయన పేరు పెడితే బాగుంటుంది.

ఇంకొక్క మాట చెప్పి దిగుతాను. మన రోజుల్లో ఆడపిల్లలకు ఖోఖో, త్రోబాల్ ఉండేవి, క్రికెట్ టీం లేదు. వాళ్లలో ఎవరు ఎంత ఆడగలిగేవాళ్లో మనం చూడనేలేదు. అందుకని షీల్డు మీద 'ఉత్తమ క్రికెటర్' అని వదిలేయకుండా, పక్కన 'బాలుర జట్టు' అని కూడా చెక్కించండి. రెండు మాటలకు అయ్యే ఖర్చు నేనిస్తాను.

సెలవు.