అన్నం తిన్నారు, ఎముకలు విరిగాయి: మట్టిలో చేరిన కాడ్మియం కథ



సీసం గురించి విన్నారు, పాదరసం గురించి విన్నారు, ఆర్సెనిక్ గురించి కూడా వినే ఉంటారు. ఈ రోజు మనం మాట్లాడుకోబోయే పేరు వాటంత ఎక్కువగా వినపడదు. కాడ్మియం. ఇది మట్టిలోకి వెళ్తే ఏమవుతుంది? మట్టిలోంచి మన కంచంలోకి ఎలా వస్తుంది? ఒకసారి పొలంలో చేరాక బయటికి తీయాలంటే ఎన్నేళ్లు పడుతుంది? ఈ మూడు ప్రశ్నలకీ జవాబు ఒకే ఒక్క నది కథలో ఉంది. ఆ నది జపాన్‌లో ఉంది. ముందు అక్కడికి వెళ్దాం, తర్వాత మన డీఏపీ బస్తా దగ్గరికి వద్దాం.

ముందుగా అసలు ఈ కాడ్మియం ఏంటో చూద్దాం. 1817లో జర్మనీలో ఫ్రెడరిక్ స్ట్రోమేయర్ అనే శాస్త్రవేత్త దీన్ని కనిపెట్టాడు. ఎందులో కనిపెట్టాడో తెలుసా? జింక్ ఖనిజంలో. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి. ప్రకృతిలో కాడ్మియం దాదాపుగా జింక్‌ని అంటిపెట్టుకునే ఉంటుంది. జింక్ కోసం తవ్వితే ఇది కూడా బయటికి వస్తుంది. దాన్ని పట్టుకుని దాచారా, నీళ్లలో వదిలేశారా అన్నదే అసలు ప్రశ్న.

ఇప్పుడు జపాన్. గిఫు అనే ప్రిఫెక్చర్‌లో, అంటే మన జిల్లా కంటే పెద్దది, రాష్ట్రం లాంటిది అనుకోండి, అక్కడ కమియోకా అనే పాత గని ఉంది. వెండి, సీసం, జింక్ తీసేవాళ్లు. 19వ శతాబ్దం చివర్లో అది మిట్సుయి కంపెనీ చేతిలోకి వచ్చింది. యుద్ధాలు వచ్చే కొద్దీ జింక్, సీసం గిరాకీ పెరిగింది, తవ్వకం పెరిగింది. ఖనిజాన్ని మెత్తగా నూరి, కావాల్సింది తీసుకుని, మిగిలిన బురదని వదిలేశారు. అది తకహార అనే చిన్న నదిలో కలిసింది. ఆ నది కిందికి వెళ్లి జింజు నదిలో కలుస్తుంది. జింజు నది పక్క ప్రిఫెక్చర్ తొయామాలోకి దిగి, అక్కడి వరి పొలాలకి నీళ్లిస్తుంది. గని ఎగువన, అన్నం పండేది దిగువన.

ఆ దిగువ ఊళ్లలో నది నీళ్లే తాగేవాళ్లు, అందులో చేపలే తినేవాళ్లు, ఆ నీళ్లతోనే వరి పండించేవాళ్లు. చేపలు చావడం, వరి సరిగ్గా ఎదగకపోవడం ముందు కనపడ్డాయి. తర్వాత మనుషుల వంతు వచ్చింది. నడుము నొప్పి, కాళ్ల నొప్పులతో మొదలయ్యేది. నడక బాతు నడకలా మారేది. కొన్నేళ్లకి మంచం పట్టేవాళ్లు. ఎముకలు ఎంత మెత్తబడ్డాయంటే, గట్టిగా దగ్గితే పక్కటెముక విరిగేది. జపనీస్‌లో ‘ఇటాయ్’ అంటే నొప్పి. మనం ‘అబ్బా, అమ్మా’ అన్నట్టు వాళ్లు ‘ఇటాయ్, ఇటాయ్’ అని ఏడ్చేవాళ్లు. చివరికి ఆ జబ్బు పేరే ‘ఇటాయ్ ఇటాయ్’ అయిపోయింది. వైద్య పుస్తకాల్లో ఇప్పటికీ అదే పేరు.

నోబోరు హగినో అని అక్కడే ఒక స్థానిక డాక్టర్ ఉండేవాడు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చి ఊళ్లో ప్రాక్టీస్ మొదలుపెడితే, వరసగా ఇలాంటి కేసులే వస్తున్నాయి. పోషకాహారం లేక అని, ఎక్కువ చాకిరీ వల్ల అని రకరకాలుగా చెప్పేవాళ్లు. ఆయన రోగుల ఇళ్లని మ్యాప్ మీద గుర్తుపెట్టుకుంటూ పోయాడు. అన్నీ జింజు నీళ్లు పారే చోటే ఉన్నాయి. 1957లో ఇది గని విషమే అని బయటికి చెప్పాడు. 1961లో వ్యవసాయ శాస్త్రవేత్త యోషియోకాతో కలిసి ఫలానా కాడ్మియం వల్లే అని చెప్పాడు. ప్రభుత్వం ఒప్పుకున్నది ఎప్పుడు? 1968లో. జపాన్‌లో కాలుష్యం వల్ల వచ్చిన జబ్బుగా ప్రభుత్వం అధికారికంగా గుర్తించిన మొదటిది ఇదే.

అన్నంలోని కాడ్మియం ఎముకని ఎలా విరిచింది? ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. తిన్న కాడ్మియంలో కొంచెమే ఒంటికి పడుతుంది. కానీ పట్టింది బయటికి పోదు, వెళ్లి కిడ్నీలో కూర్చుంటుంది. అందులో సగం తగ్గడానికే 10 నుంచి 30 ఏళ్లు పడుతుంది. అంటే రోజూ చిటికెడు వేస్తూ ఎప్పుడూ తీయని హుండీ లాంటిది. అది నిండాక కిడ్నీలో సన్నటి గొట్టాలు పాడవుతాయి. రక్తంలోకి తిరిగి పంపాల్సిన ఫాస్ఫేట్, కాల్షియం మూత్రంలో పోతాయి. విటమిన్ డి పని కూడా దెబ్బతింటుంది. ఇక ఎముకకి గట్టిదనం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంకో విషయం. గుర్తింపు పొందిన రోగులు సుమారు 200 మంది. అందులో దాదాపు అందరూ ఆడవాళ్లే, అది కూడా నడివయసు దాటిన వాళ్లు, చాలా కాన్పులు అయిన వాళ్లు. ఎందుకంటే పేగులో ఐరన్ లోపలికి వెళ్లే దారిలోనే కాడ్మియం కూడా వెళ్తుంది. ఒంట్లో ఐరన్ తక్కువుంటే శరీరం ఆ దారిని ఇంకా పెద్దగా తెరుస్తుంది, ఐరన్ దొరుకుతుందేమోనని. ఆ సందులో కాడ్మియం దూరిపోతుంది. ఇది మనకెందుకు అంటారా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉంది. అన్నం మూడు పూటలా తినేదీ మనమే. అదే మట్టి, అదే బియ్యం అయినా ఇంట్లో అందరికీ ఒకేలా పట్టదు. అమ్మకి, అక్కకి, చెల్లికి ఎక్కువ పడుతుంది.

సరే, ఇప్పుడు పొలంలోకి దిగుదాం. ఇక్కడ వరికి ఒక ప్రత్యేకత ఉంది. మడిలో నీళ్లు నిలబడి ఉన్నప్పుడు మట్టికి గాలి అందదు. అప్పుడు కాడ్మియం గంధకంతో కలిసి, నీళ్లలో కరగని సల్ఫైడ్‌గా ఉండిపోతుంది. వేరు దాన్ని లాక్కోలేదు. కానీ కోతకి ముందు మనం మడి ఆరబెడతాం కదా? గాలి తగలగానే ఆ సల్ఫైడ్ విడిపోతుంది, కాడ్మియం కరిగి వేరు దగ్గరికి వస్తుంది. సరిగ్గా గింజ పాలు పోసుకుని గట్టిపడే టైమ్. వరి వేరు మాంగనీసుని తీసుకునే దారిలోనే దీన్ని కూడా లోపలికి లాగుతుంది. అందుకే జపాన్‌లో కాడ్మియం ఉన్న పొలాల్లో వెన్ను తీసే ముందు మూడు వారాలు, తర్వాత మూడు వారాలు మడిలో నీళ్లు నిలబెట్టమని రైతులకి చెప్తారు.

మరి ఎప్పుడూ నీళ్లు పెట్టేస్తే సరిపోతుంది కదా అంటే, అక్కడే చిక్కు. నీళ్లు నిలిస్తే ఆర్సెనిక్ కరుగుతుంది, గింజలోకి అది ఎక్కువగా వెళ్తుంది. నీళ్లు తీస్తే కాడ్మియం, పెడితే ఆర్సెనిక్. నీళ్లు ఆదా అవుతాయని మనం ఆరుతడి పద్ధతిని ప్రోత్సహిస్తున్నాం, మంచిదే. కానీ మట్టిలో ఏముందో తెలియకుండా ఏ పద్ధతీ గుడ్డిగా పెట్టకూడదు. జపాన్ వాళ్లు ఇంకో దారి కూడా వెతికారు. కోషిహికరి అనే వాళ్ల ఫేమస్ వరి రకంలో, ఆ మాంగనీసు దారి పనిచేయకుండా మార్చిన రకాన్ని తయారు చేశారు. కాడ్మియం ఉన్న పొలంలో కూడా దాని గింజలోకి కాడ్మియం చాలా తక్కువగా వెళ్తుంది.

ఇక కోర్టు సంగతి. 1968 మార్చిలో బాధితులు మిట్సుయి మీద తొయామా జిల్లా కోర్టుకి వెళ్లారు. 1971లో గెలిచారు. కంపెనీ అప్పీలుకి వెళ్తే 1972 ఆగస్టులో మళ్లీ గెలిచారు. జపాన్ గనుల చట్టం వాళ్లకి సాయపడింది. కంపెనీ నిర్లక్ష్యంగా ఉందని నిరూపించక్కర్లేదు, ఆ గని వల్లే జబ్బు వచ్చిందని చూపిస్తే చాలు. గెలిచిన మర్నాడే డబ్బుతో పాటు ఇంకొకటి సంతకం చేయించుకున్నారు: ఊరి వాళ్లు నిపుణుల్ని తీసుకుని గనిలోకి వచ్చి తనిఖీ చేస్తారు, ఆ ఖర్చు కంపెనీది. నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చిన భాగం ఇదే. పరిహారం తీసుకుని ఇంటికి పోలేదు. ఏటేటా గేటు లోపలికి వెళ్లి మురుగు కాలువల్ని చూశారు, నీళ్ల శాంపిల్స్ అడిగారు.

మరి పొలాలు? కాడ్మియం ఒక మూలకం. పురుగుమందులా కొన్నాళ్లకి విరిగిపోదు, సూక్ష్మజీవులు తినేయవు. నది శుభ్రమైనా మట్టిలో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. అందుకని ఏం చేశారంటే, కలుషితమైన పై మట్టిని తవ్వి లోతుగా పాతిపెట్టి, దాని మీద గట్టి పొర వేసి, పైన బయటి నుంచి తెచ్చిన మంచి మట్టి పరిచారు. మడి తర్వాత మడి. 1979లో మొదలైన పని 2012లో పూర్తయింది. 33 ఏళ్లు. 863 హెక్టార్లు, అంటే మన లెక్కలో 2,100 ఎకరాల పైమాట. ఖర్చు సుమారు 4,000 కోట్ల యెన్‌లు. బాధితులకీ కంపెనీకీ మధ్య చివరి ఒప్పందం జరిగింది 2013లో. పని మొదలైనప్పుడు పుట్టిన పిల్లవాడికి అది పూర్తయ్యేసరికి పెళ్లీడు దాటిపోయింది.

ఇంకో చిన్న విషయం. అదే కమియోకా గనిలో, 1,000 మీటర్ల లోతున ఇప్పుడు సూపర్ కమియోకాండే అనే న్యూట్రినో ప్రయోగశాల ఉంది. 50,000 టన్నుల నీళ్ల ట్యాంక్. అక్కడి పరిశోధనకి 2015లో నోబెల్ వచ్చింది. గూగుల్‌లో కమియోకా అని కొడితే ఇది కూడా వస్తుంది. ఆ ఆడవాళ్ల గురించి కూడా తెలుసుకోండి.

ఇప్పుడు మన డీఏపీ బస్తా. ఫాస్ఫేట్ ఎరువులు రాతి నుంచి వస్తాయి. ఆ రాక్ ఫాస్ఫేట్‌లో సహజంగానే కాడ్మియం ఉంటుంది, దొరికే చోటుని బట్టి ఎక్కువా తక్కువా. మన దేశం ఎక్కువ భాగం దిగుమతే చేసుకుంటుంది. యూరప్‌లో 2022 జులై నుంచి ఒక పరిమితి పెట్టారు: ఎరువులోని భాస్వరం, అంటే పీ2ఓ5, కిలోకి 60 మిల్లీగ్రాముల కాడ్మియం మించకూడదు.

ఒక చిన్న లెక్క వేద్దాం. 50 కిలోల డీఏపీలో 46 శాతం, అంటే 23 కిలోల పీ2ఓ5. ఆ యూరప్ పరిమితి అంచు దాకా ఉందనుకుంటే బస్తాకి 1.38 గ్రాముల కాడ్మియం. ఏడాదికి రెండు పంటలు, ఎకరానికి రెండు బస్తాలు అనుకోండి, 2.76 గ్రాములు. ఎకరం పై మట్టి అర అడుగు లోతు వరకు 8 లక్షల కిలోల దాకా తూగుతుంది. అంటే ఏడాదికి కిలో మట్టికి 0.0035 మిల్లీగ్రాములు. చాలా చిన్నది, కదా? 50 ఏళ్లకి 0.17. కొంత పంటతో పోతుంది, కొంత నీళ్లతో పోతుంది, అంచేత ఇది పై లెక్క. కాబట్టి రేపటి నుంచి డీఏపీ ఆపేయండి, అన్నం మానేయండి అని నేను చెప్పట్లేదు. జింజు నదిలో జరిగింది గని బురద, దాని స్థాయి వేరు. కానీ మామూలు మట్టిలో ఉండేదే కిలోకి మిల్లీగ్రాములో ఏ కొద్ది వంతో. దాని పక్కన పెడితే 0.17 చిన్నది కాదు. అది మన తాత వేసినది, నాన్న వేసినది, మనం వేసేది కలిపి. హుండీ మట్టిలో కూడా ఉంది.

మరి దాన్ని ఎవరైనా కొలుస్తున్నారా? సాయిల్ హెల్త్ కార్డు తీసి చూడండి. 12 అంశాలు ఉంటాయి: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింక్, ఐరన్, రాగి, మాంగనీసు, బోరాన్, పీహెచ్, ఈసీ, సేంద్రియ కర్బనం. కాడ్మియం లేదు. ప్రతి పొలానికీ ఈ టెస్ట్ అక్కర్లేదు. కానీ ఫ్యాక్టరీ కాలువ పక్కన, డంపింగ్ యార్డ్ కింద, మురుగు నీళ్లు పారే చోట ఉన్న పొలాలకైనా అడగాలి కదా.

మనం చేయగలిగినవి చెప్తాను. ఒకటి, కార్డులో పీహెచ్ చూడండి. మట్టి పులుపైతే కాడ్మియం ఎక్కువ కరుగుతుంది. వ్యవసాయ అధికారిని అడిగి సున్నం వేయొచ్చా కనుక్కోండి. పశువుల ఎరువు, సేంద్రియ పదార్థం కాడ్మియాన్ని కొంత పట్టి ఉంచుతాయి. రెండు, భాస్వరం ఇప్పటికే ఎక్కువుందని కార్డు చెప్తే డీఏపీ తగ్గించండి. డబ్బూ మిగులుతుంది. మూడు, సిటీ కంపోస్ట్ కొంటే టెస్ట్ రిపోర్ట్ అడగండి. కిలోకి 5 మిల్లీగ్రాముల కాడ్మియం దాటకూడదని మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోనే ఉంది. నాలుగు, బ్యాటరీలు. మీ ఫోన్‌లోది లిథియం, అందులో ఈ గొడవ లేదు. పాత కార్డ్‌లెస్ ఫోన్లు, ఎమర్జెన్సీ లైట్లు, రీచార్జ్ బొమ్మల్లో నికెల్ కాడ్మియం ఉండొచ్చు. చెత్తబుట్టలో వేయకండి, కాల్చకండి. 2022 బ్యాటరీ రూల్స్ ప్రకారం వాటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులది. ఐదు, సిగరెట్. పొగాకు మొక్క మట్టిలోంచి కాడ్మియాన్ని బాగా లాక్కుంటుంది. పొగతాగేవాళ్ల కిడ్నీలో కాడ్మియం తాగనివాళ్ల కంటే దాదాపు రెట్టింపు ఉంటుంది. ఆరు, ఇంట్లో ఆడవాళ్ల హిమోగ్లోబిన్ టెస్ట్ చేయించండి. అది కాడ్మియం లేకపోయినా చేయించాల్సిందే.

జపాన్‌లో ఒక గని, ఒక నది, 200 మంది రోగులు, 33 ఏళ్ల తవ్వకం. అదంతా గని దగ్గరే బురదని ఆపి ఉంటే అక్కర్లేకపోయేది. మట్టిలోకి వెళ్లకముందు ఆపడం చౌక. వెళ్లాక తీయడానికి ఒక తరం పడుతుంది. మీ ఊళ్లో పొలాల పక్కన ఏ కాలువ పారుతోందో, అందులోకి ఏం వదులుతున్నారో ఒకసారి వెళ్లి చూడండి. వచ్చి కామెంట్‌లో రాయండి. వ్యవసాయం చేసే మీ ఇంట్లోవాళ్లకి ఈ ఎపిసోడ్ వినిపించండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.