గాలిగంటలు



సంతలో కుండ కొనునపుడు మన పెద్దలు దానిని వ్రేలి కణుపుతో కొట్టి చూచెదరు. ఖంగున మ్రోగినచో కొందురు. బొంగురు పలికినచో పగులున్నదని విడిచిపెట్టుదురు. వస్తువును చెవితో పరీక్షించు ఈ విద్యయే నేటి ప్రసంగమునకు పునాది. ఇంటిలో మూలబడిన సామానుతో గాలిగంటలు చేయుటయే నేటి విషయము.

ఇది మనకు క్రొత్త కాదు. దేవాలయమున ధ్వజస్తంభముపై వ్రేలాడు చిరుగంటలను ఎరుగని తెలుగువాడుండడు. వాటి నాలుకలకు ఆకు వంటి రేకులుండును. గాలి రేకును కదల్చును. రేకు నాలుకను కదల్చును. నాలుక గంటను మ్రోగించును. జపానులో వేసవియందు చూరులకు కట్టు ఫూరిన్ అను చిరుగంట నాలుకకు కాగితపు చీటి వ్రేలాడుచుండును. దేశములు వేరైనను సూత్ర మొక్కటే.

శ్రీకాకుళము జిల్లాలోని బుడితి గ్రామము కంచు, ఇత్తడి పనికి పేరుగన్నది. అచ్చటి కంచు లేదని టాటానగర్ రైల్వే స్టేషనునకు చేరువనున్న పర్సుడీహ్ వాసులు చింతింప నక్కరలేదు. 1912లో తొలి ఉక్కును చూచిన జంషెడ్‌పురమున ఇనుమునకు కొదువ యేమి? ఐనను కర్మాగారపు సొత్తు గాని, రైల్వే సొత్తు గాని ఒక్క మేకైనను ఇంటికి తేరాదు. విరిగిన చెంచా, పాత తాళపుచెవి, సైకిలు గంట చిప్ప, తెరలు వ్రేలాడదీయు ఇనుప గొట్టము చాలును. ప్రతి వస్తువును దారమున వ్రేలాడదీసి మెల్లగా తట్టవలెను. పలికినదానిని ఉంచుకొని, పలుకనిదానిని తీసివేయవలెను.

గొట్టమును కోయుటలో ఒక మెలకువ కలదు. వీణ తీగను సగము చేసినచో కంపనములు రెండింతలగును. గొట్టమును సగము చేసినచో నాలుగింతలగును. కావున 40 సెంటీమీటర్ల గొట్టమునకు పై స్థాయి స్వరము కావలెనన్న 20 కాదు, సుమారు 28 సెంటీమీటర్లు కోయవలెను.

కట్టుచోటు అంతకన్న ముఖ్యము. గొట్టమును నడుమ పట్టి కొట్టినచో ధ్వని చచ్చిపోవును. పొడవులో నూటికి ఇరువదిరెండు పాళ్ల చోట, అనగా 40 సెంటీమీటర్ల గొట్టమునకు చివరనుండి సుమారు 9 సెంటీమీటర్ల వద్ద, రంధ్రము చేసి దారము కట్టవలెను. గొట్టము కంపించునపుడు ఆ చోటు కదలదు; అందుచే దారము ధ్వనిని మ్రింగదు. ఇట్టి గొట్టములను కొబ్బరిచిప్ప అంచునకు వరుసగా కట్టి, నడుమ ఒక కొయ్యబిళ్లను, దాని క్రింద తేలికయగు రేకును వ్రేలాడదీసిన పని ముగిసినట్లే. కొయ్యబిళ్ల గొట్టముల నడిమి భాగమునకు తగులునట్లు చూచుకొనవలెను.

పొరుగువానిని మరువరాదు. రాత్రిపాళీ ముగించి పగలు నిద్రించువారు ఈ ఊర నెందరో కలరు. ఒకరి సంగీతము మరియొకరికి శిక్ష కారాదు. అట్టి వేళలందును, వేసవి సాయంకాలములందు ఛోటానాగపురమున విరుచుకొనిపడు గాలివానలందును, కొయ్యబిళ్లను కట్టివేయుట మర్యాద.

ఈ పనికి పిల్లలను కూర్చుకొనుట ఉత్తమము. ఇచ్చటి తెలుగు బిడ్డలు బడిలో హిందీని, ఆంగ్లమును చదువుదురు. ఇంట వారిని కూర్చుండబెట్టి తెలుగు పలుకుమని గద్దించినచో, నడుమ బిగించి పట్టిన గొట్టమువలె మూగవోవుదురు. అదే బిడ్డ తండ్రి ప్రక్కన కూర్చుండి దారము అందించుచు, ముడి వేయుచు, రేకు వంచుచు ఉన్నపుడు ఆ మాటలు తామే నోటికి వచ్చును. "ఇది మ్రోగుట లేదేమి నాన్నగారూ?" అని అడిగిన నాడు ఆ తండ్రికి అంతకు మించిన నాదము వేరుండదు.

గొట్టము వెల స్వల్పము. అది పలుకుట వెలను బట్టి కాదు, పట్టిన చోటును బట్టి.