విశ్రాంతియు సాధనలో భాగమే

(ముంబయి మారథానునకు సిద్ధపడుచున్న మన యువజనుల కూటమిలో చేసిన ప్రసంగ పాఠము)



జనవరిలో జరుగు ముంబయి మారథానునకు మన వాడల నుండి కొందరు యువతీయువకులు పేర్లు వ్రాయించుకొనిరి. మిక్కిలి సంతోషము. ఆ పందెపు దూరము 42 కిలోమీటర్ల 195 మీటర్లు. నేను వర్తకుడను గనుక, నాకు తెలిసిన లెక్కల మూలముననే నాలుగు మాటలు మనవి చేసెదను.

ఒక దినము పరుగు మానినవాడు సోమరి యనియు, దినదినము ఒకే దూరము తప్పక పరుగెత్తువాడే దీక్షాపరుడనియు మనలో ఒక నమ్మకము పాతుకొనియున్నది. దీక్ష మెచ్చదగినదే. కాని లెక్క సరిచూడుడు. దినమునకు 6 కిలోమీటర్ల చొప్పున ఏడు దినములు పరుగెత్తిన 42 కిలోమీటర్లగును. మంగళవారము 6, బుధవారము 10, శుక్రవారము 8, ఆదివారము 18 పరుగెత్తి, తక్కిన మూడు దినములు మానినను 42 కిలోమీటర్లే. మొత్తము ఒక్కటే, ఫలము ఒక్కటి కాదు.

ఏల యనగా, మొదటివానికి చాలసేపు విడువక పరుగెత్తు అలవాటు కలుగదు. అలసిన దేహము కోలుకొనుటకు వ్యవధియు దొరకదు. రెండవవానికి రెండును లభించును. పరుగు కండను అలయజేయును. బలము పిమ్మట తిండి నిద్రల వలన చేకూరును. దీర్ఘమైన పరుగులో కండలలోని గ్లైకోజన్ అను ఇంధనపు నిలువ ఖర్చగును. మంచి భోజనము చేసినను అది తిరిగి నిండుటకు ఒక దినమో, అంతకు మించియో పట్టును. గుండెయు ఊపిరితిత్తులును కొలది వారములలో శ్రమకు అలవడును. ఎముకలును, కండను ఎముకతో బంధించు స్నాయువులును నెలల తరబడి గాని అలవడవు. ఆయాసము లేదు గదా యని తొందరపడి దూరము పెంచువానికి మోకాలి క్రింది ఎముక నొప్పి పట్టుట ఇందువలననే. ఆ నొప్పిని లెక్కసేయక పరుగెత్తినచో ఎముక బీటవారును. వారముల తరబడి పరుగు పోవును, పనియు పోవును.

ఇది నేడు పుట్టిన మాట కాదు. న్యూజిలాండులో చెప్పుల కర్మాగారమున పనిచేసిన ఆర్థర్ లిడియార్డ్ తన శిష్యులను వారమునకు 100 మైళ్లు పరుగెత్తించెను. అందు ఆదివారము 22 మైళ్లు, తక్కిన దినములలో ఎక్కువ తక్కువలుగా. 1960 రోము ఒలింపిక్సులో ఆయన శిష్యుడు బ్యారీ మాగీ మారథానులో కాంస్య పతకము పొందెను. అమెరికాలో ఒరెగాన్ విశ్వవిద్యాలయ శిక్షకుడు బిల్ బవర్మన్, కష్టదినము వెంట తేలికదినము రావలెనను పద్ధతిని ప్రచారమునకు తెచ్చెను. ఆ నూరు మైళ్లు మనకు ప్రమాణము కాదు. ఆ హెచ్చుతగ్గుల అమరికయే ప్రమాణము.

ఇక మన సంగతి. మనవారిలో పలువురు దుకాణములలో పది గంటలు నిలువబడువారు, మూటలు మోయువారు. దేహము కూలికి ఒక ఖాతా, పరుగునకు ఒక ఖాతా తెరువదు. సరుకు దిగిన దినమున పరుగెత్తకున్నను అది విశ్రాంతిదినము కాదు. దానిని కష్టదినముగానే వ్రాసికొనుడు. సెలవునాడే దీర్ఘ పరుగు పెట్టుకొనుట మీకు తప్పదు. కావున మరునాడు పరుగు పూర్తిగా మానుడు. దుకాణదారులమైన మేము ఆనాడు మూటలెత్తు పని మరియొకరికి అప్పగింపవలెను. సోదరీమణుల మాటయు మరువరాదు. పరుగు లేని ఉదయమున సైతము చీకటితో లేచి నీరు పట్టి వంట చేయు యువతికి విశ్రాంతి యెక్కడిది? వారమునకు రెండు ఉదయములైనను ఆ పని ఇంటి మగవారు అందుకొనవలెను. అది దయ కాదు, న్యాయము.

ఆచరణకు కొన్ని సూచనలు. దీర్ఘ పరుగు మాటలాడుచు సాగగలిగినంత నెమ్మదిగా చేయుడు. వేగము వారమునకు ఒక్క దినము చాలును. దీర్ఘ పరుగును వారమునకు ఒకటి రెండు కిలోమీటర్లే పెంచుచు, ప్రతి నాల్గవ వారము తగ్గించి, 30 కిలోమీటర్ల చెంత నిలుపుడు. పందెమునకు ముందు రెండు మూడు వారములు దూరమును క్రమముగా తగ్గింపుడు. తప్పిన పరుగును మరునాడు రెట్టింపు చేసి పూరింపకుడు. అది వడ్డీతో తీర్చవలసిన అప్పు కాదు. ఒకే చోట నిలిచి, విశ్రాంతిలోను తగ్గని నొప్పి యున్నచో వైద్యునికి చూపుడు.

మీ చిట్టాలో పరుగెత్తిన దూరములతో పాటు విశ్రాంతిదినములను గూడ జమ కట్టుకొనుడు. జనవరి ఉదయమున మీరందరును నొప్పి లేని కాళ్లతో పందెమునకు బయలుదేరవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.