అంగడి ధర, అడుగుల ధర



చౌకగా దొరుకు చోట కొనవలెనా, చేరువలో దొరుకు చోట కొనవలెనా అను ప్రశ్న ప్రతి గృహమందును నెలకొకమారైనను పుట్టుచుండును. జీతము చేతికి వచ్చిన ఉద్యోగి, పెద్ద బజారునకు పోయి నెలసరుకులన్నియు ఒక్కసారిగా తెచ్చినచో నాలుగు డబ్బులు మిగులునని తలచును. ఇల్లాలు వీధి మొగనున్న పచారీ కొట్టే మేలనును. అచ్చట అరకిలో కందిపప్పైనను ఇత్తురు. పిల్లవానిని పంపినను సరియైన సరుకే ఇత్తురు. నెలాఖరున చేతిలో డబ్బు లేకున్నను ఖాతాలో వ్రాసికొందురు. ఇద్దరి మాటయు నిజమే. విషయము మిక్కిలి సామాన్యముగా కనబడును గాని, దీనిలో పరిపాలనకు సంబంధించిన పెద్ద ధర్మమొకటి ఇమిడియున్నది. అది మహానగరముల బజారులలో మసకగా కనబడును. బస్తరు అరణ్యమధ్యమునందలి చింతలనార్ వంటి చోట పట్టపగటివలె కనబడును. కావున మొదట బజారులను చూచి, అటుపిమ్మట చింతలనార్‌కు పోవుట యుక్తము.

వస్తువును చౌకగా అమ్ముటకు వర్తకుడు చేయు ఉపాయములు మంత్రములు కావు. 1844వ సంవత్సరము డిసెంబరు 21వ తేదీన ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున కొందరు నేతపనివారు తమలో తాము చందాలు వేసికొని ఒక చిన్న అంగడి తెరచిరి. వెన్న, పంచదార, పిండి మొదలగు కొద్ది సరుకులే అందుండెను. అరువు లేదు, కల్తీ లేదు, మిగిలిన లాభము కొన్నవారికే పంచబడెను. 1916లో అమెరికాలోని మెంఫిస్ నగరమున క్లారెన్స్ సాండర్స్ అను వర్తకుడు మరియొక మార్గము త్రొక్కెను. అంతవరకు గుమాస్తా అడిగిన వస్తువు తీసి, తూచి, పొట్లము గట్టి ఇచ్చెడివాడు. సాండర్స్ కొనువారినే లోనికి రానిచ్చి, వారి చేతనే వస్తువులను తీయించి, ద్వారమువద్ద డబ్బు పుచ్చుకొనెను. 1930లో న్యూయార్కున మైకేల్ కల్లెన్ అద్దె తక్కువగానున్న చోట పెద్ద కొట్టము తీసికొని సరుకును గుట్టలుగా పోసి అమ్మెను. 1960ల ఆరంభమున జర్మనీలో ఆల్బ్రెక్ట్ సోదరులు స్థాపించిన ఆల్డీ దుకాణములలో వస్తువులు అట్టపెట్టెలలోనే యుండెను, రకములు కొద్ది, అలంకారము లేదు.

ఈ ఉపాయములలో అరువు మానుట, పొట్లము గట్టు పని మానుట, దూరపు స్థలమున కొట్టు పెట్టుట, రకములు తగ్గించుట అనునవి ముఖ్యమైనవి. వీనిలో ప్రతి ఒక్కటియు వర్తకుని ఖర్చును తగ్గించును. అయితే ఆ ఖర్చు మాయమై పోయినదా? కొంత నిజముగనే మాయమైనది. ఏలయన, వెయ్యి బస్తాలు ఒక్కసారిగా కొన్న వానికి బస్తా ఒక్కింటికి ఖర్చు తగ్గుట సహజము. కాని కొంత కొనువాని భుజము మీదకు మారినది. గుమాస్తా చేయు పని ఇప్పుడు కొనువాడు చేయుచున్నాడు. బండి అతడే త్రోయును, సంచి అతడే తెచ్చును, వరుసలో అతడే నిలుచును, ఇంటికి అతడే మోయును. ఈ శ్రమకు బిల్లులో పద్దు లేదు.

భరతఖండమునను ఈ ప్రయత్నములు కొత్తవి కావు. మదరాసు తిరువల్లిక్కేణిలో 1904లో స్థాపింపబడిన సహకార భాండారము రాచ్‌డేల్ మార్గమునే అనుసరించినది. కేంద్ర ప్రభుత్వోద్యోగుల కొరకు 1963లో కేంద్రీయ భండార్ వెలసినది. 1966లో రూపాయి విలువ తగ్గింపబడి ధరలు మండుచున్న దినములలో ఢిల్లీ కన్నాట్ సర్కస్‌నందు సూపర్ బజార్ తెరువబడినది. 2002లో ముంబయి పొవాయిలో తొలి కొట్టు తెరచిన డీమార్ట్, నేడు తెలుగు నగరములలో నెలసరుకుల కొనుగోలునకు పర్యాయపదమువలె నున్నది. ఆదివారము సాయంకాలము అచ్చటి వరుసలను చూచినవారికి, చౌకధరకై ప్రజలెంత శ్రమకైనను వెనుదీయరని తెలియును. వారిని తప్పుపట్టుటకు వీలులేదు. తీరిక కలదు, వాహనము కలదు, చేత నగదు కలదు, ఇంట నిలువచేయుటకు చోటు కలదు. తమ శ్రమనిచ్చి ధరలో తగ్గింపు పొందుచున్నారు. ఈ బేరము న్యాయమైనదే. అంతకంటె ముఖ్యమైన దొకటి కలదు: శ్రమ వద్దనుకొన్న దినమున వీధిలోని పచారీ కొట్టునకు పోవుటకు వారికి స్వేచ్ఛ కలదు.

ఆ నాలుగును లేనివారి మాటేమి? ఆ స్వేచ్ఛయే లేనివారి మాటేమి? ఇచ్చటనే చింతలనార్ కథ ప్రారంభమగును.

చింతలనార్ ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున సుక్మా జిల్లాలోనిది. ఆ జిల్లా 2012 జనవరిలో దంతెవాడ నుండి విడదీయబడినది. నార్ అనగా గోండీ భాషలో గ్రామము. పేరులోని మొదటి భాగమును వినగానే తెలుగువాని చెవికి చింతచెట్టు తోచును. శబరి యొడ్డున నున్న కోంటా దాటినచో చింతూరు, ఆ పిమ్మట భద్రాచలము. గోండులు, దోర్లలు నివసించు ఈ సీమలో తెలుగు మాట కొత్త కాదు. దోర్నాపాల్ నుండి జగర్‌గుండకు పోవు బాటపై నున్న ఈ గ్రామము పేరు 2010 ఏప్రిల్ 6న దేశమంతట వినబడినది. ఆ దినమున దీనికి సమీపమందలి తాడ్‌మెట్ల కడ మావోయిస్టుల దాడిలో 76 మంది భద్రతా సిబ్బంది ప్రాణములు గోల్పోయిరి. అంతటి ఘోరము వలన పేరు తెలిసిన ఊరికి, ఉప్పు, బియ్యము, నూనె అను నిత్యావసరముల చరిత్రయు నొకటి కలదని తలచువారు కొద్దిమంది.

ఈ అరణ్యసీమలో అంగడి యనగా వారపు సంత. వేసవిలో ఇప్పపువ్వు, చింతపండు, సారపప్పు, తునికాకు ప్రజల చేతికి వచ్చును. వానిని కావడి మీదను, తల మీదను మోసికొని సంతకు వచ్చి, ఉప్పు, ఎండుచేపలు, మిరపకాయలు, బట్టలు కొనిపోవుదురు. సంతలో అమ్మకమును, కొనుగోలును, బంధువుల పలకరింపును, పెండ్లిమాటలును ఒక్కచోటనే జరుగును. ఆ సౌకర్యమునకు బదులుగా వారు చెల్లించిన మూల్యము తక్కువది కాదు. ఉప్పుకు సమతూకముగా సారపప్పునిచ్చిన కాలము బస్తరున కలదు. బరువుతో కూడ తిరిగి ఇంటికి మోసికొని పోలేని వాడు వర్తకుడు చెప్పిన ధరకే అమ్మును. ఇంకొక అంగడి ఒక దినపు నడక దూరమున నున్నప్పుడు బేరమాడు శక్తి ఎవనికుండును?

ఈ దోపిడిని తొలగించుటకే ప్రభుత్వపు చౌకధరల దుకాణములు ఏర్పడినవి. 2004లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము ఆ దుకాణములను ప్రైవేటు వ్యక్తుల నుండి తీసి పంచాయతీలకు, సహకార సంఘములకు, మహిళా సంఘములకు అప్పగించుటకు నియమములు చేసినది. 2012 డిసెంబరులో ఆ రాష్ట్ర శాసనసభ ఆహార భద్రతా చట్టము చేసి, పేద కుటుంబమునకు నెలకు 35 కిలోల బియ్యమును నామమాత్రపు ధరకు హక్కుగా ఒసంగినది. దేశమున పెక్కు రాష్ట్రములు ఆ పద్ధతిని మెచ్చుకొనినవి. ధర విషయమున ఇంతకంటె చేయదగిన దేమియు లేదనవచ్చును.

కాని 2005 నుండి సల్వా జుడుం కాలమున ఈ సీమలో సంతలు పెక్కు మూతపడినవి. లోపలి గ్రామముల చౌకదుకాణములు బాటప్రక్కనున్న శిబిరములకు, పెద్ద ఊళ్లకు తరలింపబడినవి. జగర్‌గుండకు సరుకులు సాయుధ రక్షణలో వాహనశ్రేణులుగా ఎప్పుడో ఒకప్పుడు చేరెడివి. పామేడు వైపు ప్రజలు రాష్ట్రపు సరిహద్దు దాటి, తెలుగుదేశమందలి చెర్ల సంతకు వచ్చి సరుకులు కొనిపోయెడివారు. బియ్యపు ధర కాగితము మీద మారలేదు. దుకాణము మాత్రము కొండలు, వాగులు దాటి దూరమైపోయినది.

ఇక్కడ చిన్న లెక్కయొకటి వేయుట మంచిది. కిలో ఒక రూపాయి చొప్పున 35 కిలోల బియ్యమునకు 35 రూపాయలు. దుకాణమునకు పోవుట కొక దినము, బియ్యము మోసికొని తిరిగి వచ్చుట కొక దినము పట్టినదనుకొనుడు. దినమునకు కూలి 200 రూపాయలని ఉజ్జాయింపుగా తీసికొన్నచో, రెండు దినముల కూలి 400 రూపాయలు. దానిని 35 కిలోలకు పంచినచో కిలోకు 11 రూపాయలకు పైబడును. అనగా అంగడిలో ఒక్క రూపాయి, అడుగులలో పదకొండు రూపాయలు. దుకాణము ఆనాడు మూయబడియున్నచో, సరుకు రాకయున్నచో, రిక్తహస్తములతో తిరిగివచ్చిన వానికి ఆ నాలుగు వందలును దండుగయే. దూరపు కొండలు నునుపన్నట్లు, దూరపు ధరలు చౌక.

ఈ స్థితిలో ఇంటి చెంతకు వచ్చిన చిల్లర వర్తకుని వద్ద రెట్టింపు ధర పెట్టి చిన్న పొట్లము ఉప్పు కొన్న తల్లిని, లెక్క తెలియనిదానిగా తలచుట అన్యాయము. ఆమె లెక్క సరియైనది. రెండు దినములు పసిబిడ్డను విడిచిపోవుటకంటె, పొలము విడిచిపోవుటకంటె, భయమున్న దారిన నడచుటకంటె ఆ పొట్లమే ఆమెకు చౌక. నగరవాసికి సౌకర్యమనునది ధర పైన చేర్చుకొను చిన్న విలాసము. అరణ్యవాసికి సౌకర్యమే ధరలో పెద్ద భాగము.

ఈ సత్యమును గుర్తించిన ప్రయత్నములు తెలుగుసీమలోనే కలవు. 1956లో స్థాపింపబడి, విశాఖపట్టణము ప్రధాన స్థానముగా గల గిరిజన సహకార సంస్థ, కొండగ్రామములలో నిత్యావసర సరుకుల డిపోలు తెరచినది. అడవి సరుకును కొనుటయు, ఇంటి సరుకును అమ్ముటయు ఒకే సంస్థ చేపట్టినది. చింతపండు మోసికొని వచ్చినవాడు, తిరిగి పోవునప్పుడు బియ్యమును, నూనెను తీసికొని పోవచ్చును. ఒక్క నడకతో రెండు పనులు తీరును. లోపములు లేని సంస్థ లేదు గాని, దాని మూలమందలి ఆలోచన మిక్కిలి గట్టిది. 1999 జనవరి 26న ప్రారంభమైన రైతుబజారులలోను ఇట్టి వివేకమే కలదు. దళారి లేకుండ రైతు అమ్మినచో ఇరువురికిని లాభమని చెప్పి ఊరకుండక, గ్రామము నుండి కూరగాయల గంపలు వచ్చుటకు ఆర్టీసీ బస్సుల ఏర్పాటును చేసిరి. బస్సు లేనిచో ఆ లాభము రైతు కాళ్లలోనే కరగిపోయి యుండును.

చేరువకు తెచ్చుట సులభమైన పని కాదనుటయు నిజమే. ప్రతి పల్లెకును దుకాణము పెట్టినచో అద్దె, జీతము, రవాణా, పర్యవేక్షణ పెరుగును. ఆంధ్రప్రదేశమున 2021 జనవరిలో 9,260 వాహనముల ద్వారా బియ్యమును వీధి వీధికి పంపు పద్ధతి ప్రారంభమైనది. ఖర్చు, దుర్వినియోగము అను కారణములు చూపి 2025 జూన్ 1 నుండి దానిని మాని, మరల దుకాణముల ద్వారానే పంపిణీ చేయసాగిరి. వృద్ధులకు, వికలాంగులకు మాత్రము ఇంటికే అందించుటకు నిశ్చయించిరి. ఈ అనుభవమునుండి ఒక పాఠము తీసికొనవచ్చును. బండి వీధికి వచ్చిన వేళ కూలికి పోయినవానికి ఆ సౌకర్యము సౌకర్యము కాదు. నడువలేని ముదుసలికి నూరు గజముల దూరమును దూరమే. కావున సౌకర్యమును అందరికి ఒకే కొలతతో కొలుచుట తగదు. ఎవరికి ఏది భారమో తెలిసికొని, ఆ భారమును మాత్రము తొలగించుట తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు.

ఇటీవల చింతలనార్ బాట బాగుపడినది. వాహనముల రాకపోకలు పెరిగినవి. ఈ బాట వలన బియ్యపు ధరలో ఒక్క పైసయు తగ్గకున్నను, ఆ గ్రామీణునికి బియ్యము చౌకయైనది. రహదారియు ధరల నియంత్రణలో భాగమే. వాగు మీది వంతెనయు రాయితీయే. దుకాణము చెప్పిన దినమున చెప్పిన వేళకు తెరచియుండుటయు ఆహార భద్రతయే.

సదస్యులలో పెక్కురు కార్యాలయములలో కాగితములు నడపువారు. పథకమును గూర్చిన దస్త్రములో ధర ఎంత, రాయితీ ఎంత, లబ్ధిదారు లెందరు అను గడులు తప్పక యుండును. కొనువాడు ఎంత దూరము నడువవలెను, ఎన్నిసార్లు తిరుగవలెను, ఎన్ని దినముల కూలి పోగొట్టుకొనవలెను అను గడి సాధారణముగా ఉండదు. ఉండని గడిలోని మొత్తమును ప్రభుత్వము చెల్లింపదు, వర్తకుడు చెల్లింపడు. అందరికంటె బీదవాడే చెల్లించును. ఆ గడిని గీయుటకు చట్టసవరణ అక్కరలేదు. ఒక రూళ్లకర్రయు, దూరపు గ్రామమున కొక పర్యటనయు చాలును.