వలయములోని కాసు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగపాఠము)



కాసునకు రెండు గతులు గలవు. రథసప్తమినాడు అరసవల్లికి వచ్చిన భక్తుడు స్వామి హుండీలో వేసిన కాసు ఒకటి. అది లెక్కకెక్కి మరల లోకములోనికి పోవును. కొక్కెము అతికించి కాసులపేరులో గ్రుచ్చినది రెండవది. అది అంగడికి పోదు, తల్లినుండి కూతునకు వచ్చుచు ఇంటిలో నిలుచును. కాసును కట్టివేసినచో అది నిలుచునను ఈ సూక్ష్మమునే అమెరికా వర్తకులు తమ పేరు నిలుపుకొనుటకు వినియోగించిరి.

అచట 1861లో అంతర్యుద్ధము మొదలు కాగా జనులు నాణెములను దాచిరి. బజారున చిల్లరకు కరవు వచ్చెను. 1862 ఆగస్టు 12వ తేదీన జాన్ గాల్ట్ అనునాతడు ఒక ఉపాయమునకు పేటెంటు పొందెను. తపాలాబిళ్లను గుండ్రని ఇత్తడి గుల్లలో నుంచి, పైన అభ్రకపు రేకు అమర్చుటయే ఆ ఉపాయము. అభ్రకముగుండ బిళ్ల వెల కనబడును. వెనుక ఇత్తడిపై వర్తకుని ప్రకటన యుండును. మాత్రలు, మందులు అమ్మువారు దీనిని విరివిగా వాడిరి. ఈ విధముగా చిల్లర కరవు తీర్చుటకు పుట్టిన వస్తువు ప్రకటనకు వాహనమయ్యెను.

తరువాత 1901లో బఫెలో నగరమున జరిగిన గొప్ప ప్రదర్శనలో నిజమైన సెంటు నాణెమునే అల్యూమినియపు వలయములో బిగించి జ్ఞాపికలుగా ఇచ్చిరి. వలయపు రంధ్రములో నాణెము నుంచి అచ్చుయంత్రముతో నొక్కగా, అక్షరములు పడుటయు, లోహము లోనికి జరిగి నాణెమును పట్టుకొనుటయు ఒక్కమారే జరుగును. పిమ్మట దుకాణదారులును ఈ పద్ధతిని చేపట్టిరి. దానిలోని యుక్తి చూడుడు. లోన నిజమైన డబ్బు ఉన్నందున పుచ్చుకొన్నవాడు పారవేయడు. చుట్టును వలయ మున్నందున ఖర్చుపెట్టడు. ఇక వర్తకుని పేరు వాని జేబులో నిలువక యేమి చేయును?

మన దేశమున ప్రైవేటువారు లోహపు బిళ్లలను డబ్బుగా వాడుటకు చేయరాదని 1889లోనే శాసనము పుట్టెను. 2011 నాటి నాణెముల చట్టములోను ఆ నిషేధము కలదు. అయినను సేకరింపదగిన కాసులు మన ఇండ్లలో లేకపోలేదు. 1943లో యుద్ధమువలన లోహము పొదుపు చేయుటకు నడుమ రంధ్రముతో ముద్రించిన కాణీ యొకటి. 1957 ఏప్రిల్ 1న అణాల లెక్క పోయి రూపాయికి నూరు నయాపైసలు వచ్చెను. 1964లో ‘నయా’ అను మాటయు తొలగెను. 2011 జూన్ 30 నుండి పావలాయు, అంతకు తక్కువ నాణెములును చెల్లుబాటు కోల్పోయెను. చెల్లని కాసును పాతసామానుల వానికి వేయుట సులభము. దానితో పోవు చరిత్రను మరల కొనుట సులభము కాదు.

సేకర్తకు ముఖ్యముగా కావలసినది ధనము కాదు, లెక్క. కాసు ఎవరి యింటినుండి, ఏ దినమున, ఏ విధముగా వచ్చెనో వ్రాసియుంచవలెను. తోమరాదు, తోమినచో అక్షరములు అరుగును. వలయమునుండి నాణెమును ఊడదీయరాదు. ఊడదీసిన నాణెము ఒక్క సెంటు, ఊడిన వలయము రేకుముక్క. నాణెముపై సంవత్సరముకంటె దాని చుట్టు బిగించిన వలయము పాతది కాజాలదు. అయితే పాత నాణెమునకు కొత్త వలయము తొడిగి మోసగించువారు గలరు. కావున సంవత్సరమునొక్కదానినే నమ్మరాదు.

ఇంతకంటె పెద్ద మోసము మన నడుమనే కలదు. సీతారాముల బొమ్మతో, 1818 అను సంవత్సరముతో ఉన్న రాగిబిళ్లలను ఈస్టిండియా కంపెనీ నాణెములని చెప్పి, బియ్యపు గింజలను ఆకర్షించునని నమ్మించి, లక్షలు గుంజువారు గలరు. కంపెనీ అట్టి నాణెమును ముద్రింపలేదు. రాగి బియ్యమును లాగదు. లాగునది మన ఆశ. కాసు మహిమను విని సొమ్ము పోగొట్టుకొన్న గృహస్థునకు కావలసినది మంత్రము కాదు, ఒక మంచి పుస్తకము.

అందుచేత గ్రంథాలయము పుస్తకములకు వరుససంఖ్య వేయునట్లే, గ్రామస్థులు ఇచ్చు పాతకాసులకును సంఖ్య వేసి, దాత చెప్పిన మాట ప్రక్కన వ్రాసి, ఒక అద్దపు పెట్టెలో నుంచుట యుక్తము. అమెరికా వర్తకుడు కాసు చుట్టు తన పేరు బిగించెను. గ్రామము తన కాసుల చుట్టు బిగింపవలసినది నిజమైన వ్రాత. ఇరువదియైదేండ్లు అక్షరములను కాపాడిన ఈ సంస్థ ఆ పనికిని సమర్థమగుగాక.